అరికాళ్ళ మంట – ఆహార కారణాలు : ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అరికాళ్ళలో మంట, వేళ్ళ చివర తిమ్మిరి, రాత్రివేళ సూదులతో పొడిచినట్టి పోటు – ఇవి నరాల నొప్పికి సాధారణ లక్షణాలు. 'వేడి చేసింది' అనో, 'వయసు మీద పడింది' అనో వీటిని సరిపెట్టుకోవడం మన ఇళ్ళలో పరిపాటి. అయితే ఈ నొప్పికి గల కారణాలలో కొన్ని మన కంచంలోనే ఉన్నాయి. వాటిని సకాలంలో గుర్తిస్తే నరం కోలుకుంటుంది. ఆలస్యమైతే లోపాన్ని పూరించినా నష్టం మిగిలిపోవచ్చు. ఆ కారణాలను వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

బియ్యం – బెరిబెరి

ఆహారానికీ నరాలకూ గల సంబంధాన్ని స్పష్టం చేసిన వ్యాధి బెరిబెరి. 1890లలో జావాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్, పాలిష్ బియ్యం మేసిన కోళ్ళకు కాళ్ళు చచ్చుబడటాన్నీ, పై పొర తీయని బియ్యంతో అవి కోలుకోవడాన్నీ గమనించాడు. ఆ పొరలోని రక్షక పదార్థమే థయామిన్, అనగా బి1 విటమిన్. గ్లూకోజు నుండి నరకణాలు శక్తిని పొందడానికి ఇది అత్యవసరం.

తెలుగు నేలకు ఇది పరాయి కథ కాదు. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో, మరపట్టిన పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి ప్రబలింది. ఉప్పుడు బియ్యం తినేవారిలో అది అరుదు. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు విటమిన్ గింజ లోపలికి చేరి, మరపట్టిన తరువాతా చాలావరకు నిలుస్తుంది. బియ్యాన్ని పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఉన్న కాస్తా నీటితో పోతుంది.

తరువాతి కాలంలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్, 1946లో అరికాళ్ళ మంటపైనే పరిశోధన ప్రచురించి, బి వర్గానికి చెందిన పాంటోథెనిక్ ఆమ్లంతో మేలు కలిగినట్లు తెలిపారు.

బి12 లోపం – మధుమేహం

నేడు ఎక్కువగా పరిశీలించవలసినది బి12. నరాలపై ఉండే మైలిన్ పొర నిలవడానికి ఇది అవసరం. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం వంటి జంతు సంబంధ ఆహారాలే దీనికి సహజ ఆధారాలు. కాలేయంలోని నిల్వలు కొన్నేళ్ళు సరిపోతాయి కనుక లోపం ఆలస్యంగా బయటపడుతుంది.

మధుమేహ రోగులలో చిక్కు మరింత ఎక్కువ. అదుపులో లేని చక్కెర నరాలను దెబ్బతీస్తుంది. దీర్ఘకాలం వాడిన మెట్‌ఫార్మిన్ బి12 శోషణను తగ్గించగలదు. రెండింటి లక్షణాలూ ఒకేలా ఉండటంతో, 'ఇది చక్కెర వల్లనే' అనుకొని, సరిదిద్దదగిన లోపాన్ని విస్మరించే ప్రమాదం ఉంది. అందుకని మందును సొంతంగా మానరాదు. రక్తంలో బి12 పరీక్ష చేయించుకోవాలి.

విటమిన్ మాత్రలను విచక్షణ లేకుండా మింగడమూ తగదు. బి6 అధిక మోతాదులో దీర్ఘకాలం వాడితే అదే నరాలకు హాని చేస్తుంది. బి12 లోపమున్నవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తహీనత తగ్గినట్లు కనిపించినా, నరాల క్షీణత లోలోపల సాగుతూనే ఉంటుంది.

ముగింపు

అన్ని నరాల నొప్పులకూ ఆహారమే కారణం కాదు. మద్యపానం, థైరాయిడ్ లోపం, కొన్ని మందులు కూడా కారణాలే. అయినను నొప్పిని అణచే మాత్రకు ముందు 'ఏమి తింటున్నారు, ఎలా వండుతున్నారు, ఏ మందులు వాడుతున్నారు' అనే మూడు ప్రశ్నలు అడగటం అవసరం. నొప్పి తగ్గినంత మాత్రాన నరం కోలుకున్నట్లు కాదు. లోపం తీరినప్పుడే దానికి ఆ అవకాశం లభిస్తుంది.