ఫలితం గడి ఖాళీగానే ఉండాలి

2025 మే 18, ఆదివారం. చేవెళ్లలోని మా మదరసాలో ఫజర్ నమాజు, ఆ తరువాతి ఖుర్ఆన్ పాఠం ముగిశాయి. హిఫ్జ్ తరగతి పిల్లలు మా చుట్టూ చేరారు. ఉదయం 5 గంటల 59 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ61 బయలుదేరుతుందని వారికి ముందే తెలుసు. అందరి చూపులూ మా చేతిలోని చిన్న ఫోను మీదే. నిప్పులు చిమ్ముతూ రాకెట్ పైకి లేచింది. మొదటి దశ విడిపోయింది. రెండవ దశ కూడా అనుకున్నట్లే పనిచేసింది. పిల్లలు ఆనందంతో కేకలు వేశారు. అల్పాహారానికి వేళ మించిపోతున్నదని మేము ఫోను ఆపి, “అల్‌హందులిల్లాహ్, ప్రయోగం విజయవంతమైంది” అని ప్రకటించాము.

అది నిజం కాదని జుహర్ వేళకు గాని మాకు తెలియలేదు.

మూడవ దశలో ఏమి జరిగింది?

పీఎస్‌ఎల్‌వీకి నాలుగు దశలు ఉంటాయి. మొదటిది, మూడవది ఘన ఇంధనంతోనూ, రెండవది, నాలుగవది ద్రవ ఇంధనంతోనూ పనిచేస్తాయి. ఆ రోజు మూడవ దశ మోటారు గదిలో పీడనం పడిపోయింది. కక్ష్యను చేరడానికి కావలసిన వేగం రాకెట్టుకు అందలేదు. 1,696 కిలోల ఈవోఎస్-09 ఉపగ్రహం కక్ష్యకు చేరకుండానే పోయింది. ఇస్రో అధ్యక్షుడు వి. నారాయణన్ ఆ ఉదయమే ఈ సంగతిని దేశానికి తెలియజేశారు. వారు దాచలేదు. తొందరపడింది మేమే.

ఆ ఉపగ్రహం రాడార్ సహాయంతో మేఘాల మాటున ఉన్న నేలను సైతం, రాత్రివేళ సైతం చూడగలిగేది. కూరగాయలు, పూలు పండించి బతికే చేవెళ్ల, మొయినాబాద్ కుటుంబాలకు వానాకాలపు మబ్బుల సంగతి చెప్పనక్కర లేదు. పైరును, వరదను ఆ మబ్బుల పైనుంచి గమనించే కన్ను ఒకటి మనకు దక్కకుండా పోయింది.

ఈలోగా మొయినాబాద్ దగ్గరి పల్లెకు చెందిన ఒక విద్యార్థి ఇంటికి ఫోను చేసి శుభవార్త చెప్పేశాడు. వాళ్ల అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పింది. నిజం తెలిసిన తరువాత ఆ బాలుడు మా దగ్గరకు వచ్చి, “హజ్రత్, అమ్మీకి ఇప్పుడు ఏమని చెప్పాలి?” అని అడిగాడు. వాడు చెప్పింది మా మాటే. కనుక మేమే ఫోను చేసి, “అమ్మా, పొద్దున మీవాడు చెప్పిన వార్త తప్పు. ఆ తప్పు వాడిది కాదు, మాది” అన్నాము. ఆ తల్లి క్షణం ఆగి, “రాకెట్ మళ్లీ చేసుకుంటారు మౌలానా సాబ్. వాడు సబక్ మానకుండా చూడండి” అన్నది. ఆమె మాట మా మనసును తేలిక పరచింది గాని, మా బాధ్యతను తగ్గించలేదు.

నెలవంక నేర్పిన నియమం

రమజాన్ నెలవంక విషయంలో మనం ఎంత జాగ్రత్త పాటిస్తాం! ఎవరో చూశామన్నంత మాత్రాన పండుగ ప్రకటించం. చూసినవారు ఎవరు, ఎక్కడ చూశారు, వారి సాక్ష్యం నిలుస్తుందా అని రూయతె హిలాల్ కమిటీ విచారించేదాకా వేచి ఉంటాం. ఆ నియమం ఆకాశపు ఇతర వార్తలకు ఎందుకు వర్తించదు? ఈ ఆలోచనతో తరగతి గోడకు ఒక బల్ల తగిలించాము. తేదీ, సమయం, రాకెట్, ఉపగ్రహం, ఫలితం అని అయిదు గడులు గీశాము. ప్రయోగించిన సంస్థ స్వయంగా ప్రకటించేవరకు చివరి గడి ఖాళీగానే ఉంటుంది.

ఆ జూన్‌లోనే దానికి పరీక్ష వచ్చింది. శుభాంశు శుక్లా వెళ్లవలసిన యాక్సియమ్-4 యాత్ర పలుమార్లు వాయిదా పడింది. రాకెట్‌లో ఆక్సిజన్ లీకేజీ బయటపడటం అందుకు ఒక కారణం. పిల్లలు నిరాశ చెందారు. వాయిదా అంటే ఓటమి కాదనీ, లోపాన్ని నేల మీదనే పట్టుకోవడం మేలనీ చెప్పాము. జూన్ 25న ఆయన బయలుదేరినప్పుడు కూడా గడి నింపలేదు. జూలై 15న క్షేమంగా భూమికి చేరిన తరువాతే నింపాము.

మాటలలోనూ ఆచితూచి ఉండాలి. 2022 నవంబరు 18న మన హైదరాబాద్ సంస్థ స్కైరూట్ రూపొందించిన విక్రమ్-ఎస్ సుమారు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరింది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ చేసిన తొలి రాకెట్ అదే. అయితే అది కక్ష్యలోకి పోలేదు, పోవడానికి ఉద్దేశించినదీ కాదు. ఉన్న ఘనతను ఉన్నంతగా చెప్పడమే ఆ యువకుల శ్రమకు గౌరవం.

ఆ మరుసటి నెలలోనే మన పొరుగున వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాలలో ఒక వింత గోళం దిగింది. గ్రహాంతర వాహనమన్న పుకారు ఊళ్లు దాటింది. తీరా చూస్తే, అది హైదరాబాద్ నుంచి పరీక్ష కోసం వదిలిన బెలూనుకు కట్టిన ఖాళీ క్యాప్సూల్!

ఓటమిని ఒప్పుకున్నవారు

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ పథకానికి సారథి రామేశ్వరం బిడ్డ ఏపీజే అబ్దుల్ కలాం. పత్రికలవారి ముందుకు మాత్రం ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ వచ్చి బాధ్యత తనపై వేసుకున్నారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరినప్పుడు ఆయన కలాంను ముందుకు పంపారు. ఈ సంగతిని కలాం జీవితాంతం చెప్పుకున్నారు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలు రాకెట్లు చూస్తామంటే వారించకండి, పక్కన కూర్చోండి. కేకలు వేసే ఆ కొద్ది నిమిషాలతోనే లేచిపోకండి. చివరి దశ దాకా ఉండండి. విఫలమైతే విఫలమైందనే చెప్పండి. మనం పొరబడితే వారి ముందే సరిదిద్దుకుందాం.

ఆ ఆదివారం సాయంత్రమే మా పిల్లలను కూర్చోబెట్టి మా పొరపాటును ఒప్పుకున్నాము. పీఎస్‌ఎల్‌వీ-సీ61కు ఎదురుగా “విఫలం” అన్న మాట ఇప్పటికీ మా తరగతి గోడ మీద ఉన్నది. దానిని వ్రాసింది ఆ మొయినాబాద్ బాలుడే.