హీమోడయాలసిస్ కాథెటర్ ఇన్ఫెక్షన్ల నివారణ

హీమోడయాలసిస్ కాథెటర్ ఇన్ఫెక్షన్ అనగా మూత్రపిండాలు విఫలమైన రోగికి రక్తశుద్ధి కొరకు మెడ లేదా తొడ భాగపు పెద్ద సిరలో అమర్చిన గొట్టం ద్వారా సూక్ష్మజీవులు రక్తంలోకి ప్రవేశించడం వలన కలిగే వ్యాధి. డయాలసిస్ రోగుల మరణాలకు గుండె జబ్బుల తరువాత ఇన్ఫెక్షన్లు ఒక ప్రధాన కారణం. కాథెటర్ వలన వచ్చే ఇన్ఫెక్షన్లలో అనేకం నివారించదగినవి.

రక్తమార్గాలు

హీమోడయాలసిస్ సాధారణంగా వారానికి 2 లేదా 3 సార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు జరుగుతుంది. యంత్రానికి నిమిషానికి 200 నుండి 400 మిల్లీలీటర్ల రక్తం అందాలి. చేతి మీది మామూలు సిరల నుండి ఇంత రక్తం రాదు. అందువలన ప్రత్యేక రక్తమార్గం అవసరమవుతుంది. ఇవి మూడు రకాలు.

* ఫిస్టులా: చేతిలోని ధమనిని, సిరను శస్త్రచికిత్సతో కలుపుతారు. న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, సిమినో, అపెల్ మరియు హర్విచ్ ఈ పద్ధతిని 1966లో ప్రకటించారు. ఇన్ఫెక్షన్ ముప్పు అన్నిటికంటే దీనికే తక్కువ. కానీ ఇది వాడుకకు సిద్ధం కావడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది.
* గ్రాఫ్ట్: ధమనిని, సిరను కృత్రిమ గొట్టంతో కలుపుతారు.
* కాథెటర్: వెంటనే వాడుకోవచ్చు. కానీ ఇన్ఫెక్షన్ ముప్పు దీనికే ఎక్కువ.

ఇన్ఫెక్షన్ కలిగే విధానం

చర్మం శరీరానికి సహజమైన కోట వంటిది. కాథెటర్ ఆ కోటకు పెట్టిన ద్వారం. చర్మంపై ఉండే బ్యాక్టీరియా గొట్టం వెలుపలి అంచు వెంట లోనికి పాకవచ్చు. డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు మూతలు తెరచిన గొట్టం చివరల నుండి లోపలి మార్గంలోనూ చేరవచ్చు. ఇలా చేరిన బ్యాక్టీరియా గొట్టం గోడలపై బయోఫిల్మ్ అనే జిగురు పొరను ఏర్పరుస్తుంది. ఈ పొరలోని జీవులను యాంటీబయాటిక్ మందులు సులభంగా చంపలేవు. అందుకే అనేక సందర్భాలలో గొట్టాన్ని తీసివేయవలసి వస్తుంది.

స్టాఫిలోకాకస్ జాతి బ్యాక్టీరియా ముఖ్య కారకం. స్టాఫిలోకాకస్ ఆరియస్ రక్తం ద్వారా గుండె కవాటాలకు, వెన్నెముకకు, కీళ్ళకు వ్యాపించి ప్రాణాపాయం కలిగించగలదు.

నివారణ చర్యలు

గొట్టం అమర్చేటప్పుడు వైద్యుడు చేతులు శుభ్రపరచుకొని, టోపీ, మాస్కు, శుద్ధిచేసిన గౌను, చేతితొడుగులు ధరించాలి. రోగి శరీరాన్ని పెద్ద శుద్ధ వస్త్రంతో కప్పాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ కలిసిన ఆల్కహాలుతో తుడిచి, ఆరనివ్వాలి.

డయాలసిస్ జరిగే ప్రతిసారీ గొట్టాన్ని తెరిచే నర్సు, రోగి ఇద్దరూ మాస్కు ధరించాలి. మూత తీసిన తరువాత గొట్టం చివరలను క్రిమిసంహారిణితో బాగా రుద్ది, ఆరిన తరువాతనే యంత్రానికి కలపాలి. గొట్టం బయటికి వచ్చే చోట యాంటీబయాటిక్ లేదా పోవిడోన్ అయోడిన్ లేపనం రాస్తారు. ఆ లేపనం గొట్టపు పదార్థాన్ని పాడుచేయనిదై ఉండాలి.

రెండు డయాలసిస్‌ల మధ్య కాలంలో గొట్టంలో లాక్ ద్రావణం నింపి ఉంచుతారు. సాధారణంగా రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడతారు. టారోలిడిన్, హెపారిన్ కలిసిన ద్రావణానికి 2023 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

అన్నిటికంటే మేలైన నివారణ గొట్టం అవసరం లేకుండా చేయడమే. మూత్రపిండాల వైఫల్యం ముందే తెలిసినవారికి డయాలసిస్ అవసరం రాకముందే ఫిస్టులా చేయించాలి. ఫిస్టులా కొరకు ఎంచుకున్న చేతికి సూదులు, సెలైన్లు పెట్టకూడదు.

ఫలితాలు

2006లో ప్రచురితమైన పీటర్ ప్రొనోవోస్ట్ బృందపు అధ్యయనంలో, అమెరికాలోని మిచిగాన్ రాష్ట్ర ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో ఐదు సాధారణ నియమాలు పాటించడం వలన కాథెటర్ ఇన్ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. తరువాత ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం 17 డయాలసిస్ కేంద్రాలలో ఇటువంటి చర్యలు చేపట్టగా, రక్తమార్గం వలన కలిగే రక్త ఇన్ఫెక్షన్లు 54 శాతం తగ్గినట్లు 2013లో వెల్లడైంది. రెండు చోట్లా ఫలితానికి మూలం నియమాలను ప్రతిసారీ తప్పక పాటించడమే.

రోగులు తీసుకోవలసిన జాగ్రత్తలు

* కట్టు తడవకుండా చూసుకోవాలి. చెరువులలో, కాలువలలో మునిగి స్నానం చేయరాదు.
* ఇంటి వద్ద గొట్టం మూతలు తీయరాదు.
* డయాలసిస్‌కు కాక, ఇతర ఇంజెక్షన్లకు ఆ గొట్టాన్ని వాడనీయరాదు.
* జ్వరం, చలి, వణుకు, గొట్టం చుట్టూ ఎరుపు, నొప్పి లేదా చీము కనిపిస్తే మరుసటి డయాలసిస్ వరకు ఆగక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కల్చర్ పరీక్షకు రక్తం తీయించడం అవసరం.

తెలుగు రాష్ట్రాలలో

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి పేరుపడింది. ఇటువంటి ప్రాంతాలలో వ్యాధి ముదిరిన తరువాత వైద్యానికి వచ్చేవారికి ఫిస్టులా సిద్ధమయ్యే వ్యవధి ఉండదు. గొట్టంతోనే డయాలసిస్ మొదలవుతుంది. కనుక వ్యాధిని తొలిదశలోనే గుర్తించడం కూడా ఇన్ఫెక్షన్ నివారణలో భాగమే.

ఇవి కూడా చూడండి

* మూత్రపిండాలు
* డయాలసిస్
* యాంటీబయాటిక్