మన అమ్మా? మీ అమ్మా?



ఇంగ్లీషులో 'అవర్', హిందీలో 'హమారా' అనే ఒక్క మాట ఉన్నచోట మన తెలుగులో రెండు మాటలున్నవి: 'మా', 'మన'. వినేవానిని విడిచి చెప్పితే 'మా', కలుపుకొని చెప్పితే 'మన'. పొరుగూరివానితో 'మా చెరువు' అంటాము, సొంత ఊరివానితో 'మన చెరువు' అంటాము. అందుకే తెలుగు బైబిలులో దేవునితో మాట్లాడే ప్రార్థనలో 'మా తండ్రీ' అనియు, విశ్వాసులకు వ్రాసిన పత్రికలలో 'మన ప్రభువు' అనియు ఉన్నది. ఈ తేడా చిన్నబిడ్డలకు కూడా తెలుసు. పెద్దవారమైన తరువాతనే 'మన' అనే మాటను పోగొట్టుకొంటున్నాము.

నేనెరిగిన ఒక కుటుంబములో తండ్రి బ్రతికి ఉన్నంతకాలము అన్నదమ్ములిద్దరికీ అది 'మన పొలము', అవి 'మన గేదెలు'. తండ్రి పోయిన తరువాత పెద్దమనుషులు కూర్చుండి పంపకాలు చేశారు. పొలము, గేదెలు, చివరకు పెరటి చింతచెట్టు కాపు కూడా పంచారు. మిగిలినది తల్లి. ఆమెకు ఆరేసి నెలల చొప్పున వంతు వేశారు. తన వంతు తీరిన నాడు అన్న తమ్ముని గుమ్మము ముందు నిలిచి, "ఒరేయ్, మీ అమ్మను తీసుకుపో" అన్నాడు. బట్టల మూటతో పక్కనే నిలబడిన ఆ తల్లి విన్నది. నేనూ విన్నాను.

లూకా 15వ అధ్యాయములో తప్పిపోయిన కుమారుని అన్న కూడా ఇలాగే మాట్లాడాడు. 'నా తమ్ముడు' అనడానికి అతనికి నోరు రాలేదు. తండ్రితో 'నీ కొడుకు' అన్నాడు. తండ్రి కోపపడలేదు. తనదంతా పెద్దవానిదేనని చెప్పి, వచ్చినవాడు 'నీ తమ్ముడు' అని మాట సరిదిద్దాడు. ఆస్తి నీదైతే తమ్ముడు కూడా నీవాడే గదా!

ఆ సాయంత్రము ఆ అన్న ఇంట ఈ భాగమే చదివి ప్రార్థించాను. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. వంతులు మాత్రము ఆగలేదు. అయితే మరుసటి వంతుకు, "తమ్ముడూ, అమ్మను తీసుకొచ్చానురా" అన్నాడు. 'మీ' అనే ఆ ఒక్క అక్షరము పోయినందుకు తల్లి కళ్లు తుడుచుకొన్నది.

చేతిలోని డబ్బును గూర్చి 'నా దగ్గర ఉన్నది' అంటాము. అది నేడుండి రేపు పోయేది. తల్లిని గూర్చి కూడా 'అమ్మ నా దగ్గర ఉన్నది' అంటున్నాము. 'నేను అమ్మ దగ్గర ఉన్నాను' అనగలిగిన బిడ్డ ధన్యుడు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో 'మా తండ్రీ' అని నోరు తెరిచేముందు, ఆ 'మా'లో మన తోబుట్టువులున్నారో లేదో చూచుకొందము. ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.