ఆ ‘రేపు’ రావాలంటే...

‘రేపట్నుంచి మానేస్తా, ఒట్టు!’ చేపల చెరువు కాపలాదారైనా, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే మనిషైనా ఇంట్లో చెప్పే మాట ఇదే. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు మాత్రం రేపటి ఊసే ఎత్తరు. ‘ఈ ఒక్కరోజు తాగను’ అంటారు... మర్నాడు మళ్లీ అదే.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడంతో మొదలైందీ సంఘం. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

చిక్కల్లా పరువుతోనే! కొల్లేటి లంకల్లో కబురు పడవకన్నా ముందే ఊరు చేరుతుంది. సొంతూళ్లో మొహమాటమైతే బస్సెక్కి ఏలూరో, విజయవాడో వెళ్లొచ్చు, తప్పేం లేదు. దగ్గర్లో సాయం ఎక్కడ దొరుకుతుందో 14446కి ఫోన్ చేసి అడగండి. డబ్బులు పడవు.

అయితే ఒక జాగ్రత్త. మాన్పించాలని మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తుంటారు కొందరు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతిభ్రమణం... ప్రాణమే పోవచ్చు. ముందు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవాలి. మీటింగు ఆ తర్వాతే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఇంట్లో మనిషి దాహం అలా మూతపడదు కదా! ఆయన రానంటే? బిల్ భార్య లోయిస్ 1951లో అల్-అనాన్ మొదలుపెట్టింది ఆ ఇంటివాళ్ల కోసమే. ఆ మొదటి ఫోను ఆయనే చేయక్కర్లేదు... మీరూ చేయొచ్చు.