మారుతాళం వంటి రసాయనాలు

థైరాయిడ్, అడ్రినల్, అండాశయాల వంటి వినాళ గ్రంథులు నేరుగా రక్తంలోకి విడుదల చేసి, దూరాన ఉన్న అవయవాలకు కబురు చేరవేసే పదార్థాలను హార్మోన్లు అంటారు. ఇవి అత్యల్ప పరిమాణంలోనే పనిచేస్తాయి. నెలసరిని నడిపే ఈస్ట్రోజెన్‌ను రక్తంలో పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతుల్లో, కొలుస్తారు. ప్రతి హార్మోన్‌కూ కణాల్లో ఒక గ్రాహకం ఉంటుంది. అది ఆ హార్మోన్ అనే తాళంచెవికి తెరుచుకునే తాళం వంటి ప్రోటీన్. బయటి నుంచి వచ్చిన రసాయనం ఆ తాళంలో మారుతాళంలా దూరి వేళకాని వేళ తలుపు తెరిచినా, అసలు తాళంచెవికి అడ్డుపడినా, హార్మోన్ తయారీనే తారుమారు చేసినా, దానిని హార్మోన్ విఘాతక రసాయనం అంటారు. 1991లో అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో థియో కోల్‌బార్న్ చొరవతో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ఈ పేరు స్థిరపడింది.

పేరు కొత్తదే అయినా విషయం పాతది. నేటి ప్లాస్టిక్ చర్చల్లో తరచు వినిపించే బిస్ఫినాల్-ఏ అనే పదార్థానికి ఈస్ట్రోజెన్ గుణం ఉందని లండన్‌లో చార్లెస్ డాడ్స్ 1936లోనే చూపగా, ఆయన బృందమే 1938లో అంతకన్నా ఎన్నో రెట్లు బలమైన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్‌ను, క్లుప్తంగా డీఈఎస్‌ను, రూపొందించింది. డీఈఎస్ మందుగా మారింది. 1950ల నుంచి బిస్ఫినాల్-ఏ గట్టి ప్లాస్టిక్‌కు ముడిసరుకైంది.

డీఈఎస్ చరిత్ర ఈ రంగానికంతటికీ గుణపాఠం. గర్భస్రావాన్ని నివారిస్తుందన్న నమ్మకంతో అమెరికాలో 1940ల నుంచి లక్షలాది గర్భిణులకు దీనిని ఇచ్చారు. దీనివల్ల ప్రయోజనం లేదని షికాగోలో జరిగిన పరిశోధన 1953లోనే తేల్చినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్ వైద్యుడు ఆర్థర్ హెర్బ్‌స్ట్, ఆయన సహచరులు 15 నుంచి 22 ఏళ్ల మధ్య వయసున్న 8 మంది యువతుల్లో, ఆ వయసులో దాదాపు కనిపించని ఒక రకం యోని క్యాన్సర్‌ను పరిశీలించినప్పుడు, వారిలో ఏడుగురి తల్లులు గర్భవతులుగా ఉండగా డీఈఎస్ వాడినట్టు బయటపడింది. ఈ క్యాన్సర్ డీఈఎస్ తల్లుల కుమార్తెల్లో సుమారు వెయ్యిమందిలో ఒకరికే వచ్చినా, గర్భాశయ ఆకృతిలో లోపాలు, సంతానలేమి, నెలలు నిండకుండా కాన్పు కావడం వంటి ఇబ్బందులు చాలా ఎక్కువమందిని వేధించాయి. తల్లిలో అప్పటికి ఏ లోపమూ చూపని పదార్థం కడుపులోని ఆడపిల్లపై ముద్ర వేసి, ఆ ముద్ర దాదాపు రెండు దశాబ్దాల తరవాతగాని బయటపడలేదంటే, ఇక్కడ మోతాదుతో పాటు వేళనూ లెక్కలోకి తీసుకోవాలని అర్థం.

వేళకు ఇంత ప్రాధాన్యం ఎందుకో అండాల పుట్టుక చెబుతుంది. ఆడశిశువు తల్లి గర్భంలో అయిదో నెలకు చేరేసరికి ఆమె అండాశయాల్లో 60 నుంచి 70 లక్షల అండకణాలు ఏర్పడతాయి. పుట్టేనాటికి అవి 10 నుంచి 20 లక్షలకు తగ్గుతాయి. ఆ తరవాత చెప్పుకోదగినంతగా కొత్తవి పుట్టవు. గర్భవతి దేహంలోకి చేరినది ఆమెనూ, బిడ్డనూ, ఆ బిడ్డలోని అండాల ద్వారా మనుమలనూ, అంటే మూడు తరాలను, ఒకేసారి తాకగలదు.

అండానికి జరిగే హాని 1998లో క్లీవ్‌లాండ్‌లోని ఒక ప్రయోగశాలలో అనుకోకుండా కళ్లకు కట్టింది. జన్యుశాస్త్రవేత్త పాట్రీషియా హంట్ పరిశోధిస్తున్న ఆరోగ్యవంతమైన ఆడ చుంచెలుకల్లో క్రోమోజోములు అమరిక తప్పిన అండాలు మామూలుగా నూటికి ఒకటి రెండు ఉండగా, ఉన్నట్టుండి 40కి చేరాయి. నేల తుడిచే ఘాటైన క్షారద్రావణంతో పొరపాటున బోనులను, నీళ్ల సీసాలను కడగడంతో వాటి ప్లాస్టిక్ మసకబారి, కరిగి, అందులోని బిస్ఫినాల్-ఏ బయటికి ఊరిందని తరవాత తేలింది.

నిత్యజీవితంలో బిస్ఫినాల్-ఏ పాలికార్బొనేట్ డబ్బాల్లోను, ఆహారం నింపే రేకు డబ్బాల లోపూతలోను, దుకాణాల్లో ఇచ్చే నున్నటి బిల్లు కాగితాల్లోను ఉండవచ్చు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచి, సౌందర్య సాధనాల్లో పరిమళాన్ని నిలిపి ఉంచే థాలేట్లు మరో వర్గం. కొవ్వులో పేరుకుని ఏళ్ల తరబడి ఉండే డీడీటీ వంటి పురుగుమందులు ఇంకో వర్గం. గర్భాశయపు లోపొర వంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌కు, అండాల విడుదల క్రమం తప్పే పీసీఓఎస్‌కు, ఈ రసాయనాలకు సంబంధం ఉన్నట్టు అనేక అధ్యయనాలు సూచిస్తున్నా, ఇవే కారణమని రుజువు కాలేదు. పీసీఓఎస్ ఉన్నవారి రక్తంలో బిస్ఫినాల్-ఏ ఎక్కువగా కనిపించడానికి, ఆ స్థితిలో దేహం దానిని నెమ్మదిగా విసర్జించడమూ కారణం కావచ్చు. అందువల్ల ప్రతి వ్యాధినీ ప్లాస్టిక్ ఖాతాలో వేయడం ఎంత తప్పో, పూర్తి రుజువు దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమూ అంతే తప్పు.

ఊరట కలిగించే విషయం ఏమిటంటే బిస్ఫినాల్-ఏ, థాలేట్లు దేహంలో ఎక్కువకాలం నిలవవు. 2011లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో అయిదు కుటుంబాలకు చెందిన 20 మంది మూడు రోజులపాటు ప్లాస్టిక్, రేకు డబ్బాల ప్రమేయం లేని తాజా ఆహారం తిన్నప్పుడు వారి మూత్రంలో బిస్ఫినాల్-ఏ సగటున మూడింట రెండు వంతులు తగ్గింది. వేడి, నూనె, పులుపు తగిలితే ప్లాస్టిక్‌లోని పదార్థాలు మరింతగా ఊరతాయి కనుక, పొగలు కక్కే సాంబారును ప్లాస్టిక్ కవరులో కట్టించుకోకుండా స్టీలు క్యారియర్ తీసుకువెళ్లడం, ఊరగాయను పాతకాలపు పింగాణీ జాడీలోనే ఉంచడం మంచిది. బిస్ఫినాల్-ఏ లేదన్న ముద్రను మాత్రం గుడ్డిగా నమ్మరాదు. దాని స్థానంలో వాడే బిస్ఫినాల్-ఎస్‌కూ హార్మోన్‌ను అనుకరించే గుణం ఉంది.

అయితే గాలిలో, నీటిలో, సరుకుల్లో కలిసి ఉన్నదాన్ని వంటింటి జాగ్రత్త ఒక్కటే ఆపలేదు. ఆ భారాన్ని స్త్రీల నెత్తిన పెట్టడం న్యాయమూ కాదు. పాలసీసాల్లో బిస్ఫినాల్-ఏ ఉండరాదని భారతీయ ప్రమాణాల సంస్థ 2015లో నిర్దేశించగా, ఆహారాన్ని తాకే వస్తువుల్లో దీనిని నిషేధిస్తూ ఐరోపా సమాఖ్య 2024లో నిర్ణయం తీసుకుంది. పాలసీసా పట్టే పసికందుకు లభించిన రక్షణ, ఇంకా కడుపులో ఉండి అండాలు రూపుదిద్దుకుంటున్న ఆడశిశువుకు అంతకన్నా ముందే అందాలి. డీఈఎస్ ముప్పు తెలియడానికి ఒక తరం ఎదిగివచ్చేదాకా పట్టింది కనుక, రసాయనం అంగడికి చేరకముందే పరీక్షించే బాధ్యత తయారీదారుపైనా, చేయించే బాధ్యత ప్రభుత్వంపైనా ఉంటుంది. ఈనాటి గర్భవతికి కల్పించే ఆ రక్షణ, పుట్టబోయే ఆమె కూతురికీ, ఆ కూతురి కడుపున పుట్టబోయే బిడ్డకూ చెందుతుంది.