సరుగుడు కొమ్మ, ప్లాస్టిక్ చెట్టు

క్రిస్మస్‌కు అసలు చెట్టు మేలా, కృత్రిమ వృక్షం మేలా అన్న చర్చ చలిదేశాల్లో పుట్టింది. అక్కడ అసలు చెట్టంటే ఫర్, స్ప్రూస్ వంటి శంఖాకార వృక్షం, అంటే సూదుల్లాంటి ఆకులతో గోపురంలా ఎదిగే చెట్టు, దానిని తోటల్లో ఏళ్ల తరబడి పెంచి డిసెంబరులో నరికి అమ్ముతారు. మే నెల ఎండ 45 డిగ్రీల దరిదాపులకు చేరే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఆ జాతులు బతకవు కనుక, ఇక్కడి కుటుంబం ప్లాస్టిక్ చెట్టు కొన్నంత మాత్రాన ఏ ఫర్ చెట్టూ నరుకుడు తప్పించుకోదు.

1848లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలిచిన బొమ్మను అచ్చువేశాక ఈ జర్మన్ ఆచారం ఇంగ్లీషువారి ఇళ్లలో బాగా వ్యాపించింది. అది తెలుగు నేలకు చేరినప్పుడు ఇక్కడివారు చూపులకు దగ్గరగా ఉన్న సరుగుడుతో సరిపెట్టుకున్నారు. సరుగుడు సూదిని పట్టి లాగితే కణుపు దగ్గర ముక్కలుగా ఊడివస్తుంది, ఎందుకంటే అది ఆకు కాదు, సన్నని పచ్చరెమ్మ. నిజమైన ఆకులు ఆ కణుపుల చుట్టూ కంటికి ఆనీ ఆననంత పొలుసులుగా ఉంటాయి. కోస్తా రైతులు గుంజలకూ కాగితపు గుజ్జుకూ పెంచి నాలుగైదేళ్లకే కొట్టే పంట ఇది కాబట్టి, పండుగకు ఒక కొమ్మ తెచ్చుకోవడం వల్ల అడవికి వచ్చే నష్టమేమీ లేదు. చిక్కు వేరేచోట ఉంది: తెగిన కొమ్మ కొద్దిరోజుల్లోనే ఎండి రాలుతుంది, ఎండినదాని మీద సీరియల్ బల్బులో కొవ్వొత్తులో పెడితే ఇట్టే అంటుకుంటుంది.

నల్గొండ కథోలిక మేత్రాసనంలోని, అంటే అక్కడి బిషప్ పరిధిలోని గుడులకైనా, ఇతర సంఘాల మందిరాలకైనా, డిసెంబరు పొడవునా నిలిచే చెట్టు కావాలంటే ప్లాస్టిక్‌దే అనుకూలం. దాని ఆకులు ఎక్కువగా పీవీసీ, అంటే క్లోరిన్ కలిసిన ఒక రకం ప్లాస్టిక్. పలుచని ఆకుపచ్చ రేకును సన్నగా చీల్చి, రెండు ఇనుప తీగల నడుమ పెట్టి మెలితిప్పితే కొమ్మ తయారవుతుంది. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ లెక్క ప్రకారం రెండు మీటర్ల కృత్రిమ వృక్షం వెనుక సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు ఉంటాయి. అదే ఎత్తు ఫర్ చెట్టును వాడాక చెత్తకుప్పలో పూడిస్తే 16 కిలోలు, కాలిస్తే మూడున్నర కిలోలు. కాల్చే ఫర్ చెట్టుతో పోల్చితే ప్లాస్టిక్ చెట్టును పదేళ్లకు పైగా వాడితేనే కొన్నందుకు న్యాయం జరుగుతుంది; సరుగుడు కొమ్మతో పోల్చితే ఇంకా ఎక్కువకాలమే వాడాలనుకోవచ్చు.

అయితే పది క్రిస్మస్‌లంటే నడుమ వచ్చే ఎండాకాలాలు కూడా, ఈ సంగతిని విదేశీ లెక్కలు పట్టించుకోవు. ఎండకూ వేడికీ పీవీసీ పెళుసెక్కి రంగు వెలుస్తుంది కాబట్టి, రేకుల కప్పు కింది అటక మీద పడేసిన చెట్టు నాలుగేళ్లకే జుట్టు రాలిన బ్రష్షులా తయారైతే ఆశ్చర్యం లేదు. కొమ్మలు మడిచి, దుమ్ము దులిపి, బట్టలో చుట్టి, చల్లగా ఉండే గదిలో బీరువా కింద పెట్టడమే దానికి దక్కవలసిన మర్యాద. పాడైనదానిని మాత్రం పెరట్లో కాల్చరాదు. క్లోరిన్ వల్ల ఘాటైన ఆమ్లవాయువూ, డయాక్సిన్లనే విషపదార్థాలూ పుడతాయి. తీగా ప్లాస్టిక్కూ విడదీయలేనంతగా పెనవేసుకొని ఉంటాయి గనుక పాత సామాన్లవాడికి అందులో పనికొచ్చేది సాధారణంగా ఇనుప స్టాండే.

తీరిక ఉన్నవారికి మూడో దారి ఉంది. నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ పేరుతోనే అమ్మే అరౌకేరియా మొక్క పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవికి చెందినది. అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేస్తుంది, కుండీలో నెమ్మదిగా పెరుగుతుంది. డిసెంబరులో ఇంట్లోకి తెచ్చి, తేలికపాటి అలంకారం చేసి, పండుగయ్యాక బయట పెట్టవచ్చు. మార్చి నుంచి జూన్ వరకు దానికి నీడా, క్రమం తప్పని నీరూ కావాలి.