మీకు తెలుసా? దిగులు సంగతి రక్తం చెబుతుందా?

నిద్ర పట్టదు, తిండి సయించదు, ఏ పని మీదా మనసు పోదు. డాక్టరు రాసిన రక్తపరీక్షలన్నీ చేయిస్తే రిపోర్టు శుభ్రంగా వస్తుంది. "అన్నీ నార్మలే కదా, ఇంకేం జబ్బు?" అంటారు ఇంట్లోవాళ్లు. అప్పటికే కుంగిపోయిన మనిషిని ఆ మాట ఇంకా కుంగదీస్తుంది. నిజానికి డిప్రెషన్ ఉందనో లేదనో తేల్చి చెప్పే రక్తపరీక్షంటూ వైద్యలోకం ఒప్పుకున్నది ఇంతవరకూ ఒక్కటీ లేదు. నార్మల్ అన్న ఆ కాగితానికి థైరాయిడ్ సంగతి తెలుసు, హిమోగ్లోబిన్ సంగతి తెలుసు. దిగులు సంగతి తెలియదు.

అలాగని ఆ పరీక్షలు వృథా కావు. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా మనిషి అచ్చం డిప్రెషన్ వచ్చినట్టే ఉండొచ్చు. 1949లో లండన్ డాక్టర్ రిచర్డ్ ఆషర్ మతి చెదిరిన 14 మంది రోగుల గురించి రాశారు. వాళ్ల అసలు జబ్బు థైరాయిడ్ లోపం. థైరాయిడ్ మందు వేయగానే చాలామంది మామూలు మనుషులయ్యారు. మనోవ్యాధి అనుకునే ముందు ఈ పరీక్షలు చేయించడం అందుకే.

దిగులునే నేరుగా రక్తంలో పట్టుకోవాలన్న గట్టి ప్రయత్నం ఒకటి జరిగింది. బెర్నార్డ్ కారోల్ ఆస్ట్రేలియా నుంచి అమెరికా వెళ్లి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్. రాత్రి పడుకోబోయే ముందు రోగికి డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము మాత్ర ఇచ్చేవారు. అది ఒంట్లోని ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌కి నకలు లాంటిది. దాన్ని చూసి మెదడు 'ఇక చాలు' అని ఆజ్ఞ ఇస్తుంది, మర్నాడంతా కార్టిసాల్ తగ్గి ఉంటుంది. తీవ్రమైన దిగులులో ఉన్న చాలామందిలో ఆ ఆజ్ఞ పనిచేయలేదు, కార్టిసాల్ తగ్గలేదు. 1981లో ఆ ఫలితాలు అచ్చయ్యాక, మనసు జబ్బుకీ ఒక ల్యాబు పరీక్ష దొరికిందని సైకియాట్రిస్టులు ఎంతో ఆశపడ్డారు. ఆ ఆశ నిలవలేదు. మతిమరుపు జబ్బున్నవాళ్లలోనూ, మద్యం మానేస్తున్నవాళ్లలోనూ, హఠాత్తుగా బరువు తగ్గినవాళ్లలోనూ అదే ఫలితం వచ్చింది. ఓ మోస్తరు డిప్రెషన్ ఉన్నవాళ్లలో సగానికి పైగా పరీక్షకు దొరకనే లేదు. అయినా కారోల్ పని వృథా అయిందని నేననుకోను. దిగులు ఒంట్లోనూ జాడ వదులుతుందని ఆయన చూపించారు.

ఇప్పుడు పరిశోధకులు ప్రశ్న మార్చారు. డిప్రెషన్ ఉందా అని రక్తాన్ని అడగడం తగ్గించి, ఏ మందు పడుతుందని అడుగుతున్నారు. అలా అడిగే పరీక్షల్లో ఒకటి మనకి కోవిడ్ రోజుల నుంచీ బాగా తెలిసిన సీఆర్‌పీ, ఒంట్లో వాపును చూపే పరీక్ష. డాలస్‌లో మధుకర్ త్రివేది బృందం 2017లో నూరు మందికి పైచిలుకు రోగుల్లో దీన్ని చూసింది. సీఆర్‌పీ లీటరుకు 1 మిల్లీగ్రాము కన్నా తక్కువున్నవాళ్లకు ఎస్సిటలోప్రామ్ ఒక్కటే బాగా పనిచేసింది. అంతకు మించినవాళ్లకు దానితో బుప్రోపియాన్ కలిపితే మేలు కనబడింది. మొదటి మందు పడక నెలల తరబడి మాత్రలు మార్చుకుంటూ నలిగిపోయేవాళ్లకు ఇదెంత పెద్ద మాటో! కానీ అధ్యయనం చిన్నది. పంటి చిగుళ్లు వాచినా, ఒళ్లు బరువెక్కినా సీఆర్‌పీ పెరుగుతుంది. కాబట్టి ల్యాబు కాగితం చూసి ఎవరికి వాళ్లు మందులు మార్చుకోకూడదు.

వాపుకీ మనసుకీ సంబంధం ఏమిటంటారా? హెపటైటిస్-సి రోగులకు ఒకప్పుడు నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అవి రోగనిరోధక వ్యవస్థను ఎగదోస్తాయి. అంతకుముందు దిగులంటే ఎరగనివాళ్లు కూడా కొందరు వాటితో డిప్రెషన్‌లో పడ్డారు.

2013లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్నే తిరగేసి, వాపును తగ్గిస్తే దిగులు తగ్గుతుందేమో చూశారు. మామూలు మందులకు లొంగని డిప్రెషన్‌తో ఉన్న 60 మందిలో సగం మందికి కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఎక్కించారు. మొత్తం మీద తేడా ఏమీ రాలేదు. విడదీసి చూస్తే కథ మారింది. సీఆర్‌పీ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో అసలు మందు తీసుకున్నవారు 62 శాతం మంది బాగా తేరుకున్నారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారు 33 శాతమే. సీఆర్‌పీ తక్కువున్నవాళ్లలో మాత్రం ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవాళ్లే నయంగా ఉన్నారు.